ఆఖరి నెల రికార్డింగులు

ప్రతి నెలా మొదట్లో నా కంప్యూటర్ తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. 'ఈ కింది రికార్డింగులకు ఏడాది నిండింది. చెరిపేయాలా?' దాని కింద రెండు గడులుంటాయి. ఒకటి 'అవును', రెండోది 'ఆగు'.

ఆ ప్రశ్న అలా అడగాలని పట్టుబట్టి పెట్టించింది నేనే. దానంతటదే చెరిగిపోయేలా పెట్టేద్దాం సార్, మీకు పని తప్పుతుంది అన్నాడు సాఫ్ట్‌వేర్ చేసినతను. నేను ఒప్పుకోలేదు. మనుషులు మాట్లాడిన మాటలను చెరిపేటప్పుడు కనీసం ఒక్క మనిషైనా చూడాలి కదా అన్నాను. ఆ రోజు ఆ మాట అన్నందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. తర్వాత అదే నా మెడకు చుట్టుకుంది.

పోయిన వానాకాలంలో నా భార్య చనిపోయింది. జ్వరమే కదా అనుకున్నాం. ఆమె కూడా మా కంపెనీలోనే పనిచేసేది, ఎల్లారెడ్డిలో ఫోన్లు ఎత్తే డెస్కులో. అందుకని ఆమె పోయిన దగ్గర్నుంచీ, ప్రతి నెలా, ఏడాది కిందటి ఆమె గొంతు ఒక నెల మేర నా ముందుకొచ్చి, చెరిపేస్తావా అని అడుగుతోంది. నేను 'అవును' నొక్కుతూ వచ్చాను. ఒక్కదాన్ని కూడా తెరిచి వినలేదు. ఈ వానాకాలం వచ్చేసరికి ఆఖరి నెల ఒక్కటి మిగిలింది. ఆ తర్వాత ఆమె కాల్స్ లేవు, ఆసుపత్రే ఉంది.

మాది బోరు మోటర్లు, స్టార్టర్లు, కేబుళ్లు అమ్మి, కాలిపోతే బాగుచేసే వ్యాపారం. కామారెడ్డిలో పెద్ద దుకాణం, వెనక గోదాం, మేడ మీద ఆఫీసు. ఎల్లారెడ్డిలో చిన్న దుకాణం, దాని పైన ఫోన్ల డెస్కు. రైతుకు మోటరు కాలితే ఆ డెస్కుకు ఫోన్ చేస్తాడు. అక్కడివాళ్లు పేరు, ఊరు, బోరు లోతు రాసుకొని మెకానిక్‌ను పంపుతారు. ఆ రాసుకున్నవి సరిగా ఉన్నాయా, ఎవరి వివరాలు ఎవరి చేతికి పోవచ్చు, ఎవరి చేతికి పోకూడదు, ఎన్నాళ్లు దాచాలి, ఎప్పుడు తీసేయాలి, ఇవన్నీ చూడటం నా ఉద్యోగం. కార్డు మీద ఏదో పెద్ద హోదా అచ్చయి ఉంది. ఆఫీసులో అందరూ 'డేటా సారు' అంటారు. నా భార్య మాత్రం 'డిలీట్ సారు' అనేది.

మేం ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం, ఇద్దరమే. నేను పొద్దున కామారెడ్డి బస్సెక్కి సాయంత్రం తిరిగొచ్చేవాణ్ని. ఆమె నడుచుకుంటూ డెస్కుకు పోయేది. ఆమె నింపిన వివరాలు నలభై కిలోమీటర్ల దూరంలో నా తెర మీద పడేవి, నేను వాటిలో తప్పులు పట్టేవాణ్ని. మా కాపురంలో సగం పోట్లాటలు దాని మీదే.

మా వైపు రైతుల డేటా శుభ్రంగా ఉంచడం అంత తేలికైన పని కాదు. గల్లీకంతా ఒకే ఫోన్ నంబరు ఇస్తారు, ఆ గల్లీలో చెవులు బాగా వినబడే మనిషిది. కంప్యూటరేమో ఒకే మనిషి ఐదు పేర్లు పెట్టుకున్నాడని ఎర్రగుర్తు చూపిస్తుంది. ఇంకొందరు గల్ఫ్‌లో ఉన్న కొడుకు నంబరు ఇస్తారు. మెకానిక్ గట్టు మీద నిలబడి ఫోన్ చేస్తే అది దుబాయిలో మోగుతుంది. ఆ కొడుకు అక్కణ్నుంచి తండ్రికి ఫోన్ చేసి, బాపూ, మెకానిక్ వచ్చిండట, గట్టు మీద నిలబడ్డడు, పో అని చెప్తాడు. చిత్రమేమిటంటే పని మాత్రం ఆగేది కాదు.

అన్నిటికన్నా నన్ను సతాయించింది బోరు నీళ్ల లెక్క. ఎంత నీరు ఎత్తుతుందో తెలిస్తేనే ఏ మోటరు సరిపోతుందో చెప్పగలం. కానీ మా దగ్గర బోరులో నీళ్లెన్ని పడ్డాయో ఎవరూ నిజం చెప్పరు. రెండించులు పడితే ఇంచు అంటారు. ఇంచు పడితే, ఏం నీళ్లు సారూ, జర తడి తగిలింది అంటారు. చెబితే దిష్టి తగులుతుందని ఒక భయం, పక్క పొలం ఆయన ఇంకా లోతుకు దించుతాడని ఇంకో భయం. నేను ఇంట్లో అన్నం ముందు కూర్చొని గుర్రుమనేవాణ్ని.

"నువ్వు రాసిన ఇంచు నమ్మి మోటర్ పంపితే రేపు తిట్లు మేం తినాలె. నిజం ఎంతో గట్టిగ అడుగొచ్చు గద?"

"ఆయన ఇంచు అన్నడు, నేను ఇంచు రాసిన," అనేది తాపీగా కూర వడ్డిస్తూ. "అది అబద్ధమని నాకెర్క, ఆయనకెర్క, మెకానిక్ అన్నకెర్క. నీ కంప్యూటర్‌కు ఒక్కదానికే ఎర్క లేదు. గదానికి నేనేం చెయ్యాలె?"

నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మంట కూడా కావాలనిపిస్తుంది.

ఇంకో పోట్లాట 'ఇతరములు' గురించి. ఫోన్ ఎందుకు వచ్చిందో డెస్కువాళ్లు ఒక పట్టీలోంచి ఎంచుకోవాలి. మోటరు కాలడం, స్టార్టరు, కేబులు, కొత్త కొనుగోలు, బిల్లు, విచారణ. మొదట్లో ఆ పట్టీ చివర 'ఇతరములు' అని ఒకటుండేది. అదొక చెత్తకుండీ అయిపోయింది. ఏది తోచకపోయినా అందులో పడేసేవాళ్లు. నెలాఖరుకు లెక్క తీస్తే సగం కాల్స్ ఎందుకొచ్చాయో ఎవరికీ తెలిసేది కాదు. చూసి చూసి ఒక రోజు దాన్ని తీసిపారేశాను. డెస్కులో మిగతావాళ్లు సణిగి ఊరుకున్నారు. నా భార్య ఇంటికొచ్చి మరీ కొట్లాడింది.

"నాగిరెడ్డిపేట నుంచి ఒక అవ్వ చేస్తది. మోటర్ మంచిగనే ఉంది బిడ్డా, ఊకెనే చేసిన అంటది. గది దేంట్ల రాయాలె?"

"విచారణల రాయి."

"ఆమె ఏం విచారించలే. ఊకెనే చేసింది."

"పని లేకుంట ఫోన్ ఎవరన్న చేస్తరా?"

ఆమె నా వంక జాలిగా చూసింది. "నీకెట్ల సమజైతది, డిలీట్ సారువి నువ్వు," అని లేచి పోయింది.

సాయంత్రాలు ఆమె చాలా తక్కువ మాట్లాడేది. వచ్చి కాళ్లు కడుక్కొని, చాయ్ పెట్టుకొని, గోడకు ఆనుకొని కూర్చునేది. ఏమైందంటే, అలసిపోయిన సారూ, నువ్వు చెప్పు అనేది. నేను చెప్పేవాణ్ని. బస్సులో సీటు కోసం కొట్లాట, మా యజమాని సేఠ్ అన్న మాట, కలిపేసిన నంబర్లు, విడదీసిన నంబర్లు. ఆమె వింటూ ఎప్పుడో కునుకు తీసేది. నాకు లోపల కొంచెం కుళ్లుగా ఉండేది. పొద్దంతా ఊరి మీది జనంతో అంతంత సేపు మాట్లాడుతుంది, మంచి మాటలన్నీ వాళ్లకు పోస్తుంది, నాకేమో ఈ అలసట మిగులుతుంది అనుకునేవాణ్ని. పెళ్లాం గొంతు మీద రైతులందరికీ నాకన్నా ఎక్కువ హక్కుందని ఒకసారి అన్నాను కూడా. ఆమె నవ్వింది.

రికార్డింగులకు తాళం పెట్టించింది ఆమే. అంతకు ముందు అవి ఎవరు పడితే వాళ్లు వినేవాళ్లు. ఒక రైతు కాలిపోయిన మోటరును నోటికొచ్చిన బూతులు తిట్టి, మధ్యలో ఏడ్చి, మళ్లీ తిట్టాడు. డెస్కులో ఉన్నది తన చెల్లెలే అన్నట్టు మాట్లాడాడు. ఎల్లారెడ్డి దుకాణంలో ఎవరో దాన్ని స్పీకర్లో పెట్టారు, ఇంకెవరో ఫోన్లోకి ఎక్కించుకున్నారు. వారం తిరిగేసరికి అది ఆయన ఊరి గ్రూపులోకే పోయింది. ఆయన మళ్లీ మా దుకాణం మెట్టెక్కలేదు. ఆ కాల్ ఎత్తింది నా భార్య. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

"నన్ను నమ్మి ఏడ్చిండు గాయన. నువ్వు పెద్ద డేటా సారువి గద, దీనికి తాళం ఎయ్యి," అంది.

వేశాను. దేశంలో జనం వివరాలు కాపాడే కొత్త చట్టం వస్తోంది, తప్పు చేస్తే జుర్మానా పెద్దదే అని సేఠ్‌ను భయపెట్టి ఒప్పించాను. రికార్డింగు ఏడాదికి మించి ఉండకూడదు. తెరవాలంటే ఫిర్యాదైనా ఉండాలి, మాట్లాడిన మనిషి ఒప్పుకోలైనా ఉండాలి. తెరిచినవాడు ఎందుకు తెరిచాడో కారణం ఎంచుకోవాలి. ఇంకొకటి కూడా ఆమే అడిగింది. మోటరు సామాను ఉందో లేదో కనుక్కోవడానికి రైతును లైన్లో ఉంచినప్పుడు, డెస్కువాళ్లు తమలో తాము మాట్లాడుకునేది కూడా రికార్డవుతుందని ఆమెకు తెలిసింది. మేం నవ్వుకునేది నీకెందుకు, గది తీసెయ్యి అంది. ఆ ముక్కలు దాచకుండా కత్తిరించేలా చేయించాను.

ఇక ఆ ఆఖరి నెల సంగతి. పట్టిక నా ముందుంది. తేదీ, పేరు, ఊరు, ఎంతసేపు, అంతే కనబడతాయి, గొంతు కనబడదు. అందులో ఒక్క కాల్ మిగతావాటికన్నా చాలా పొడుగ్గా ఉంది. ఊరు, నాగిరెడ్డిపేట. అది నాకు గుర్తుంది. ఆ రోజు నేను కామారెడ్డి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. ఎప్పుడూ ఆమే ముందు వచ్చేది. నేను గడప మీద కూర్చొని విసుక్కుంటుంటే చీకటి పడేవేళకు వచ్చింది.

"నాగిరెడ్డిపేట అవ్వ ఫోన్ చేసింది. పెట్టబుద్ధి కాలే," అంది తాళం తీస్తూ.

"గంతసేపు ఏం మాట్లాడుకున్నరు?"

"గది మా ఇద్దరి ముచ్చట."

తర్వాత కొన్నాళ్లకే జ్వరం వచ్చింది.

నా ఫోన్లో ఆమె గొంతు అసలు లేదని కాదు. ఉల్లిగడ్డలు తేవాలె, బస్సు దొరికిందా, తాళంచెవి పక్కింట్ల ఇచ్చిన, ఇలాంటి ముక్కలు కొన్ని ఉన్నాయి. కెమెరా పెడితే చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేది తప్ప మాట్లాడేది కాదు. ఆ ముక్కలను విని విని, అవి ఆమె గొంతులా కాక ఫోను గొంతులా వినబడటం మొదలైంది. నాకు ఆమె పూర్తిగా, తీరిగ్గా మాట్లాడటం వినాలని ఉంది. ఇతరులకిచ్చిన ఆ మాటలు ఒక్కసారి నా చెవిన పడాలని ఉంది. పాణం కొట్టుకుంటది అంటారు మా వైపు. ఆ పొడుగు కాల్ మీద నాకు అలాగే కొట్టుకుంది.

తాళంచెవి నా దగ్గరే ఉంది. తెరిస్తే తెరిచినట్టు చిట్టాలో పడుతుంది, కానీ ఆ చిట్టా చూసేదీ నేనే. ఇన్ని నెలలూ తెరవకుండా ఉన్నది నేనేదో ధర్మాత్ముడినని కాదు, ఆమె కోపానికి భయపడి. లేని మనిషి కోపానికి భయమేమిటని మీరు నవ్వొచ్చు. ఈసారి ఆ భయం సరిపోలేదు. 'ఆగు' నొక్కి, సేఠ్ దగ్గరికి పోయాను.

మా సేఠ్ పెద్దాయన. తండ్రి కాలంలో డీజిల్ ఇంజన్లతో మొదలైన దుకాణాన్ని ఇంతకు తెచ్చాడు. విషయం విని కళ్లద్దాలు తీశాడు.

"అరే భాయీ, తాళం నీది, చెవి నీది. నన్నెందుకు అడుగుడు?"

"నా అర్జీకి నేనే సంతకం పెట్టుకుంటే ఎట్లయితది సేఠ్ సాబ్?"

"పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని ఇంటికి కొంచవో. ఎవలడుగుతరు? ఆమె నీ బీవీ."

"గొంతు ఆమెది. కాల్ అవ్వది గూడ."

ఆయన నా చేతిలోని అర్జీ అందుకున్నాడు. "జా. అవ్వను అడుగు. ఆమె హా అంటే నాది గూడ హా," అని కాగితం మీద సంతకం చేశాడు.

ఆదివారం ఎల్లారెడ్డిలో షేర్ ఆటో ఎక్కాను. నాట్ల కాలం. పోచారం ప్రాజెక్టు నీళ్లు వదిలినట్టున్నారు, దారి పొడుగునా మడులు నిండి ఉన్నాయి. నాగిరెడ్డిపేటలో దిగి, పట్టికలో ఉన్న పేరు అడిగితే ఒక పెంకుటిల్లు చూపించారు. ముందర ఒక అవ్వ పాత యూరియా సంచికి దబ్బనంతో చిరుగు కుడుతూ కూర్చుంది. మోటర్ల కంపెనీ నుంచి వచ్చానన్నాను. తల కూడా ఎత్తలేదు.

"ఇంచు. గదే రాయి. మొన్నచ్చినాయనకు గూడ గదే చెప్పిన."

ఎన్నో రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. "నీళ్ల లెక్క కోసం రాలేదవ్వా," అన్నాను. అప్పుడు నన్ను సరిగా చూసింది.

"మరి గా పిల్ల ఏది? నేను ఫోన్ చేస్తే ఎత్తే పిల్ల. మస్తు రోజులాయె. ఇప్పుడెవరో ఎత్తుతుండ్రు, ఊరు చెప్పు, మోటర్ నంబర్ చెప్పు అంటుండ్రు. కామారెడ్డికి మార్చిండ్రా ఏంది?"

ఆ మాట నేను చాలామందికి చెప్పి ఉన్నాను. అయినా నా చెప్పుల వైపు చూస్తూ చెప్పాను. "పోయిందవ్వా. పోయిన వానకాలం. జ్వరమొచ్చె."

దబ్బనం ఆగిపోయింది. "నీకేమైతది ఆమె?"

"నా భార్య."

అవ్వ నా చెయ్యి పట్టి గుంజి పక్కన కూర్చోబెట్టుకుంది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. తను మాత్రం సంచి అంచుతో మొహం ఒత్తుకుంటూ ఏడ్చింది. మా చుట్టాల్లో కొందరికన్నా ఎక్కువ ఏడ్చింది. నేను కూడా సిగ్గుపడకుండా ఏడ్చాను.

కొంచెం తేరుకున్నాక, వచ్చిన పని చెప్పాను. పోయిన వానకాలం ఒక రోజు చీకటి పడేదాకా మీరిద్దరూ మాట్లాడుకున్నది మా దగ్గర ఉంది, ఒక్కసారి విననిస్తావా అని. అవ్వ ఉలిక్కిపడింది.

"నా మాటలు మీ డబ్బాల ఉన్నయా?"

"ముందుగల చెప్తరు గదవ్వా, ఫోన్ కలువంగనే."

"గదా? ఒగామె ఏదో సదువుతది, అయ్యగారు మంత్రం సదివినట్టు. నాకేం ఎర్క?"

'నాణ్యత నిమిత్తము మీ సంభాషణ నమోదు చేయబడును.' ఆ వాక్యం రాసింది నేను. చట్టానికి సరిపోయేలా, ఏ అక్షరానికీ వంక పెట్టలేకుండా రాశానని మురిసిపోయాను. ఈ అవ్వకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్లూ ఆమె ఒప్పుకున్నట్టు నా దగ్గర గుర్తు పడుతూనే ఉంది. ఆ వాక్యాన్ని తర్వాత మార్పించాను, కానీ అది వేరే సంగతి.

అవ్వ దబ్బనాన్ని సంచిలో గుచ్చింది. "ఆ దినం నేను చానా చెప్పిన బిడ్డా. మా ఇంటోళ్లకు గూడ తెల్వదు. కడుపుల ఉన్నదంత చెప్పిన."

"వద్దంటే వద్దవ్వా. వినకుంటనే తీసేస్త." ఆ మాట అన్నాను కానీ, వద్దు అనకూడదని లోపల మొక్కుకున్నాను.

"గా పిల్ల ఎంత మంచిగ మాట్లాడేది," అంది అవ్వ, నాతో కానట్టు. "గంత మంచిగ నాతోని ఎవ్వరు మాట్లాడలే."

"ఏం మాట్లాడిందవ్వా?"

అవ్వ గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. "ఏమో, యాదికొస్తలేదు. కని మంచిగ మాట్లాడింది." తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇను. ఒక్కసారే. ఇన్నంక తీసెయ్యి. నాది బయట వడొద్దు."

సరే అవ్వా అన్నాను. లేచి వస్తుంటే వెనక్కి పిలిచింది. బొడ్లోంచి చిన్న ఫోను తీసింది. "నాకు సదువు రాదు. ఒకటి ఒత్తి పట్టుకుంటె బిడ్డకు పోతది. రెండు ఒత్తితే గా పిల్ల వస్తుండె. ఇగ రాదు గద. గా రెండుల నీది పెట్టు."

మా సిబ్బంది ఎవరూ సొంత నంబరు కస్టమర్లకు ఇవ్వకూడదు. అదీ నేను పెట్టిన నియమమే. ఫోను అందుకొని, రెండులో ఉన్న డెస్కు నంబరు తీసి, నాది పెట్టిచ్చాను.

మర్నాడు కామారెడ్డి ఆఫీసులో తలుపు దగ్గరికి వేసి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సేఠ్ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. మొదట నా మంత్రం వచ్చింది. తర్వాత ఆమె.

"నమస్తే, చెప్పండి," అంది, డెస్కులో నేర్పిన గొంతుతో. అటు ఎవరో తెలియగానే ఆ గొంతు మారింది. "ఆఁ అవ్వా, చెప్పు."

నేను కళ్లు మూసుకొని, ఇక మాట్లాడుతుంది, ఇక మాట్లాడుతుంది అని కాచుకున్నాను. అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో రాయను, అది ఆవిడది. బోరులో అసలు నీళ్లెన్నో కూడా చెప్పను. అవ్వ చెబుతూ పోయింది, ఏడ్చింది, ముక్కు చీదింది, మళ్లీ చెప్పింది. మధ్యలో నా భార్య గొంతు, ఆఁ, ఊఁ, అయ్యో, మల్ల? అంతే. ఒకచోట అవ్వ చాలాసేపు మాట్లాడలేకపోయింది. నా భార్య కూడా మాట్లాడలేదు, తొందరపెట్టలేదు. ఆమె ఊపిరి మాత్రం వినబడింది. ఆ ఊపిరిని నేను చీకట్లో పక్కన పడుకొని ఎన్నో ఏళ్లు విన్నాను. గుర్తుపట్టి, బల్ల మీద తల పెట్టుకున్నాను.

ఒకసారి మాత్రం, "లైన్ల ఉండవ్వా, గా స్టార్టర్ ఉన్నదో లేదో సూసొస్త," అంది. అక్కడ తెగింది. నేను కత్తిరించమన్న చోటు. మళ్లీ కలిసేసరికి ఆమె నవ్వు చివరి ముక్క ఉంది, నవ్వు ఆపుకుంటూ, "ఆఁ అవ్వా," అంది. ఆ మధ్యలో పక్క అమ్మాయితో ఏమందో, దేనికి నవ్విందో నాకెప్పటికీ తెలియదు. ఆ నవ్వు మొదలు కోసం నేనేమైనా ఇస్తాను. తీసేయమన్నది ఆమె, తీసేసింది నేను.

చివర్న అవ్వ అడిగింది, మల్ల ఎప్పుడు చెయ్యాలె బిడ్డా, స్టార్టరొస్తె మోటర్ మంచిగైతది గద అని.

"ఊకెనే చెయ్యవ్వా," అంది నా భార్య. కాల్ అయిపోయింది.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. ఆమె పొద్దంతా మాట్లాడి అలసిపోయి వస్తుందని అనుకునేవాణ్ని. ఆమె విని అలసిపోయి వచ్చేది. వచ్చి, గోడకు ఆనుకొని, నువ్వు చెప్పు సారూ అని మళ్లీ నాది వినేది. నేను బస్సు సీటు గురించి చెప్పేవాణ్ని. ఆ సాయంత్రం, ఆ ముచ్చటంతా కడుపులో పెట్టుకొని వచ్చిన సాయంత్రం కూడా, తాళం వేసి పోయినందుకు ఆమె మీద విసుక్కొని, తర్వాత నా సంగతులేవో చెప్పే ఉంటాను. ఏం చెప్పానో గుర్తు లేదు. ఆమె ఆఁ అనే ఉంటుంది. ఇంకొక్క సాయంత్రం దొరికితే నేను గోడకు ఆనుకొని కూర్చుంటాను, నువ్వు చెప్పు అంటాను.

రికార్డింగు మూయబోతే కారణం అడిగింది. ఫిర్యాదు, శిక్షణ, చట్టపరమైన అవసరం. మూడే. ఏదో ఒకటి ఎంచుకోనిదే మూసుకోదు. శిక్షణ అని నొక్కి బయటపడొచ్చు, అందరూ చేసేది అదే. నేను లేచి కిందికి పోయి ఒక చాయ్ తాగి వచ్చాను. వచ్చి, సాఫ్ట్‌వేర్ అతనికి ఫోన్ చేసి, పట్టీ చివర 'ఇతరములు' పెట్టమన్నాను. రెండు పట్టీల్లోనూ, ఇందులోనూ డెస్కువాళ్ల దాంట్లోనూ. మీరే కదా సార్ తీయించారు అన్నాడతను. అవును, పెట్టు అన్నాను.

ఇతరములు ఎంచుకుంటే పక్కన వివరం రాయాలి. 'వినబుద్ధయింది' అని రాశాను. తర్వాత ఆ నెల పట్టిక తెరిచి 'అవును' నొక్కాను. గీత ఒకటి మెల్లగా ఎడమ నుంచి కుడికి పోయింది. తెర ఖాళీ అయింది.

సాయంత్రం ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సన్నగా వాన పడుతోంది. ఊరు దాటాక ఫోన్ మోగింది.

"ఇన్నవా బిడ్డా?"

"ఇన్ననవ్వా."

"తీసేసినవా?"

"తీసేసిన."

"మంచిగ మాట్లాడింది గద?"

"మంచిగ మాట్లాడిందవ్వా."

బస్సు ఏదో స్టేజీలో ఆగింది, జనం ఎక్కారు, మళ్లీ కదిలింది. అవ్వ ఇంకా లైన్లోనే ఉంది.

"మోటర్ మంచిగనే నడుస్తుంది," అంది. "ఊకెనే చేసిన."

కిటికీ అద్దం మూసి, ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆఁ అవ్వా, చెప్పు."